రెండు 90లు, ఒక గోపురం

ప్రశ్న: సార్, నమస్కారం. మాది ప్రొద్దుటూరు. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా నాన్న ఇక్కడే ఫోటో స్టూడియో నడిపేవారు. ఆయన హాఫ్ ప్లేట్ కెమెరాను చెదలు తినేశాయి గానీ దాని లెన్స్ బీరువాలో భద్రంగా ఉంది. ష్నైడర్ క్సెనార్ 210 మి.మీ., ఎఫ్ 4.5, షట్టర్ లేదు. పోయినేడు నేను ఒక 4×5 (అంగుళాల ఫిల్మ్) చెక్క కెమెరా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దాంతో సిమ్మార్-ఎస్ 150 లెన్స్ వచ్చింది. ఒంటిమిట్ట గోపురం, తాడిపత్రి చెక్కడాలు, గండికోట లోయ తీయాలని నా కోరిక. గోపురానికి 150 చాలడం లేదు, 90 మి.మీ. లెన్స్ కావాలి. రెండు దొరుకుతున్నాయి: ఆంగ్యులాన్ 90 ఎఫ్ 6.8, సూపర్ ఆంగ్యులాన్ 90 ఎఫ్ 8. రెండోది దాదాపు రెండింతల ధర, బరువూ ఎక్కువే, పైగా ఎఫ్ 8 అంటే వెనక బొమ్మ చూసే అద్దం (గ్రౌండ్ గ్లాస్) మీద వెలుతురు కూడా తక్కువ. అమ్మే ఆయన రెండూ 4×5ను కవర్ చేస్తాయనే అంటున్నారు. మరి ఎక్కువ డబ్బు దేనికి? నాన్న లెన్స్ ఈ కెమెరాకు పనికొస్తుందా?
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

సూపర్ ఆంగ్యులాన్ కొనండి. మీ జాబితాలో ఒంటిమిట్ట గోపురం మొదట ఉంది కాబట్టి చెబుతున్నాను. గండికోట ఒక్కటే ఉండి ఉంటే ఆ చిన్నదే తీసుకోమనేవాణ్ని. ఇలా ఎందుకంటున్నానో చెబుతాను. మీరు లెక్కల టీచర్ కాబట్టి అంకెలతోనే చెప్పొచ్చు, అది నాకు సంతోషం.

లెన్స్ వెనక పడే బొమ్మ గుండ్రంగా ఉంటుంది. మన ఫిల్మ్ దీర్ఘచతురస్రం. ఒక తాంబాళంలో పిల్లల పలక పెట్టారనుకోండి. పలక నాలుగు మూలలూ తాంబాళం లోపలే ఉంటే లెన్స్ ఆ ఫిల్మ్‌ను కవర్ చేసినట్టు. మూల బయటికి వస్తే అక్కడ బొమ్మ మసకేస్తుంది, ఇంకా జరిగితే నల్లబడుతుంది. ఆ తాంబాళాన్నే ఇమేజ్ సర్కిల్ అంటారు. చిన్న కెమెరాల్లో పలక, తాంబాళం రెండూ కదలవు కాబట్టి దాని గురించి ఎవరూ పట్టించుకోరు. మనం అలా కాదు. లెన్స్ బోర్డును పైకి లేపుతాం, కిందికి దించుతాం, వంచుతాం. అంటే పలకను అక్కడే ఉంచి తాంబాళాన్ని జరుపుతున్నాం. అంచున ఎంత జాగా మిగిలి ఉందన్నదే అప్పుడు ప్రశ్న.

4×5 ఫిల్మ్ మీద హోల్డర్ అంచులు పోగా బొమ్మ పడేది సుమారు 95×120 మి.మీ. దాని కర్ణం 153 మి.మీ. ఇప్పుడు రెండు 90ల అంకెలు చూడండి. అపర్చర్‌ను (లెన్స్ లోపలి రంధ్రాన్ని) ఎఫ్ 22కి దించినప్పుడు, దూరపు వస్తువుకు, ఆంగ్యులాన్ సర్కిల్ 154 మి.మీ. సూపర్ ఆంగ్యులాన్‌ది 216 మి.మీ. అమ్మే ఆయన అబద్ధం చెప్పలేదు. 154 లోపల 153 పడుతుంది. మిగిలింది ఒక్క మిల్లీమీటరు. కవర్ చేస్తుందన్న మాట నిజమే, కానీ కదలడానికి చోటు లేదన్న సంగతి ఆ మాటలో లేదు.

ఫోకల్ లెంగ్త్ (ఆ 90 మి.మీ.) ఒకటే కాబట్టి రెండు లెన్సులూ గోపురాన్ని ఒకే సైజులో చూపిస్తాయి. ఎంత పెద్దగా పడుతుందన్నది ఫోకల్ లెంగ్త్ చెబుతుంది. ఎంత దూరం వరకు పడుతుందన్నది లెన్స్ కట్టుబడిని బట్టి ఉంటుంది. ఆంగ్యులాన్ రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి డిజైన్, 81 డిగ్రీలు చూస్తుంది. సూపర్ ఆంగ్యులాన్ ఎఫ్ 8 చూసేది 100 డిగ్రీలు. చివరి గాజులు అంత లావుగా ఉండేది అందుకే. మీరు కట్టే ఎక్కువ డబ్బు, మోసే ఎక్కువ బరువు ఆ 19 డిగ్రీల కోసం.

ఇక గోపురం దగ్గరికి వద్దాం. లెక్క కోసం 20 మీటర్ల గోపురం అనుకుందాం. మీరు 25 మీటర్ల దూరంలో ఉన్నారు, లెన్స్ నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉంది. కెమెరా వెనక భాగాన్ని నిటారుగా ఉంచాలి. వెనక్కి వంచారంటే గోపురం కూడా వెనక్కి వాలిపోతుంది, అప్పుడు ఇంత పెద్ద కెమెరా మోసి ఏం లాభం. లెన్స్‌కు పైన గోపురం ఇంకా 18.5 మీటర్లుంది. 90 లెన్స్‌తో శిఖరం ఫిల్మ్ మీద మధ్య నుంచి 90×18.5÷25, అంటే 67 మి.మీ. దూరంలో పడుతుంది. ఫిల్మ్‌ను నిలువుగా పెడితే మధ్య నుంచి అంచుకు 60 మి.మీ. మాత్రమే. శిఖరం తెగిపోయింది. కాస్త ఆకాశం కూడా కావాలంటే అంచు 75 దాకా వెళ్ళాలి, అంటే లెన్స్‌ను 15 మి.మీ. పైకి లేపాలి.

లేపాక ఆకాశం వైపు మూల మధ్య నుంచి ఎంత దూరం? 75, 47.5 భుజాలు. కర్ణం 89 మి.మీ. ఆంగ్యులాన్ సర్కిల్‌లో వ్యాసార్థం 77. సూపర్ ఆంగ్యులాన్‌లో 108. ఇందులో ఒక చిక్కు ఉంది, చూడండి. శిఖరం 67 దగ్గరే ఉంది కాబట్టి ఆంగ్యులాన్‌లో కూడా అది బాగానే కనిపిస్తుంది. గోపురమంతా చక్కగా పడింది కదా అని నల్లగుడ్డ కింద మీరు సంతోషపడతారు. పోయేది ఆకాశం మూలలు.

నాకు సరిగ్గా ఇదే జరిగింది. చాలా ఏళ్ళ కిందట నేను కూడా చిన్న ఆంగ్యులాన్‌తోనే ఒంటిమిట్ట వెళ్ళాను. నాకు అమ్మినాయన కూడా కవర్ చేస్తుందనే చెప్పాడు, నేను ఎంత మిగులుతుందని అడగలేదు. తెల్లవారుజామున అనంతపురంలో బయలుదేరి, ఎండ గోపురం మీదికి వచ్చేసరికి కెమెరా నిలబెట్టి, లెన్స్ లేపి, ఆరు షీట్లు తీశాను. ఇంటికొచ్చి కడిగితే ఆరింటిలోనూ గోపురం నిటారుగా, స్పష్టంగా ఉంది, పైన రెండు మూలలూ కొడవలితో కోసినట్టు పోయి ఉన్నాయి. ఆ నెగెటివ్‌లు ఇప్పటికీ ఉన్నాయి. పైభాగం కత్తిరించకుండా ఒక్కటీ ప్రింట్ వేయలేను, కత్తిరిస్తే శిఖరం మీద ఆకాశం ఉండదు.

అద్దం మీద చూస్తే తెలియలేదా అని మీరు అడగొచ్చు. గ్రౌండ్ గ్లాస్ మీద బొమ్మ తలకిందులు. ఆకాశం కింద ఉంటుంది. కాబట్టి లెన్స్ లేపినప్పుడు మీరు చూడాల్సింది కింది రెండు మూలలు. వైడ్ లెన్స్‌లో మూలలు ఎలాగూ మసకగానే కనిపిస్తాయి, నేను కళ్ళను నమ్మాను. ఇప్పుడు అలా చేయను. చాలా గ్రౌండ్ గ్లాసులకు నాలుగు మూలలూ కోసి ఉంటాయి, మీదానికీ ఉండొచ్చు. అపర్చర్‌ను ఎఫ్ 22కి దించి, ఆ కోసిన మూల సందులోంచి లెన్స్ వైపు చూడండి. అపర్చర్ నిండుగా కనిపిస్తే ఆ మూలకు వెలుతురు పూర్తిగా వస్తోంది. బాదంగింజలా సన్నబడితే అంచు కోస్తోంది. ఏమీ కనిపించకపోతే అక్కడ ఫిల్మ్ మీద ఏమీ పడదు. మూలలు కోసి లేకపోతే లెన్స్ ముందుకు వెళ్ళి, అపర్చర్ రంధ్రంలోంచి గ్లాసు మూల కనిపిస్తుందో లేదో చూడండి. లెన్స్ హుడ్, ఫిల్టర్ పెట్టాకే ఈ పరీక్ష చేయాలి. వైడ్ లెన్స్‌లో సర్కిల్ కంటే ముందు హుడ్ అంచే మూలను కోసేస్తుంది.

అయితే వెలుతురు పడటం వేరు, బొమ్మ స్పష్టంగా ఉండటం వేరు. లెన్స్ వెలిగించే వలయం పెద్దది, పనికొచ్చే స్పష్టత ఉన్న వలయం దానికంటే చిన్నది. కంపెనీలు ఇచ్చే అంకె సాధారణంగా ఈ రెండోదే. అపర్చర్ దించేకొద్దీ అంచులు మెరుగుపడతాయి కాబట్టి ఎఫ్ 22 దగ్గర కొలిచి చెబుతారు. అద్దం మీద ఎఫ్ 8లో చూసి మూలలు బాలేవని లెన్స్‌ను తీసిపారేయకండి. మన ఎండకు ఎఫ్ 22 అంటే టెన్షన్ పడాల్సిన పని లేదు. ఎఫ్‌పీ4 ఫిల్మ్‌తో మధ్యాహ్నం ఎండలో సెకనులో 60వ వంతు వస్తుంది.

సూపర్ ఆంగ్యులాన్‌తో ఫిల్మ్ నిలువుగా ఉన్నప్పుడు సుమారు 37 మి.మీ. దాకా లేపొచ్చు. 108 వర్గంలోంచి 47.5 వర్గం తీసి, వర్గమూలంలోంచి 60 తీసేస్తే ఆ అంకె వస్తుంది. ఫిల్మ్ అడ్డంగా ఉంటే 42. ఏ లెన్స్ అమ్మకానికి కనిపించినా ఈ లెక్క వేసుకోండి, సర్కిల్ అంకె ఒక్కటి తెలిస్తే చాలు. 37 లేపగలిగితే పైన చెప్పిన గోపురాన్ని 19 మీటర్ల దగ్గర నిలబడి కూడా తీయొచ్చు. ముందున్న ఖాళీ నేల ఫిల్మ్‌ను తినేయకుండా తగ్గించుకోవచ్చు కూడా. కర్నూలులో కొండారెడ్డి బురుజు లాంటి చోట, ఊరి నడుమ, వెనక్కి జరిగితే బండ్ల మధ్యలో నిలబడాల్సిన చోట ఆ కొన్ని మీటర్లే ఫోటో వచ్చేదీ రానిదీ తేలుస్తాయి.

ఇదే బజారులో నిక్కార్ ఎస్‌డబ్ల్యు 90 ఎఫ్ 8 కనిపిస్తే దాన్ని కూడా చూడండి. సర్కిల్ 235 మి.మీ. నిలువు ఫిల్మ్‌తో 47 మి.మీ. రైజ్ (లెన్స్‌ను పైకి లేపడం) దాకా వస్తుంది. రోడెన్‌స్టాక్ గ్రాండగాన్-ఎన్ 90 ఎఫ్ 6.8ది 221. ఫుజినాన్ ఎస్‌డబ్ల్యు 90 ఎఫ్ 8 మీ సూపర్ ఆంగ్యులాన్ లాగే 216. ఈ మూడింటిలో ఏది మంచి స్థితిలో సరసమైన ధరకు దొరికినా కొనొచ్చు. పేరు చూసి కాకుండా సర్కిల్, గాజు స్థితి చూసి ఎంచుకోండి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. లెన్స్ 37 మి.మీ. ఇస్తానన్నా మీ కెమెరా ఒప్పుకోకపోవచ్చు. 90 లెన్స్‌తో దూరపు వస్తువుకు బోర్డు, ఫిల్మ్ మధ్య దూరం 90 మి.మీ. దరిదాపుల్లోనే ఉంటుంది. లెన్స్‌కూ ఫిల్మ్‌కూ మధ్య ఉండే మామూలు మడతల తిత్తిని, అంటే బెల్లోస్‌ను, అంత దగ్గరికి నొక్కితే గట్టి కట్టలా బిగుసుకుంటుంది, బోర్డును లేవనివ్వదు. కొన్ని కెమెరాలకు విడిగా బ్యాగ్ బెల్లోస్ ఉంటుంది, వదులుగా సంచిలా ఉండేది. మీ చెక్క కెమెరాకు బెల్లోస్ ఊడదీసే వీలు ఉందో లేదో కొనేముందే చూసుకోండి. వీలు లేకపోతే 150ను బోర్డుతో సహా 90 మి.మీ. దూరానికి తెచ్చి ఎంత లేస్తుందో స్కేలుతో కొలవండి. బొమ్మ ఫోకస్ కాకపోయినా ఫరవాలేదు, మీరు కొలిచేది బెల్లోస్‌ను. 20 మి.మీ. లేచినా చాలు, ఒంటిమిట్టలో పని జరుగుతుంది. అయిదే లేస్తే రెండింతల డబ్బు పెట్టి సూపర్ ఆంగ్యులాన్ కొనడంలో అర్థం లేదు. సూపర్ ఆంగ్యులాన్ వెనక గాజు లావుగా ఉంటుంది, అది ముందు ఫ్రేమ్ రంధ్రంలోంచి దూరుతుందో కూడా కొలవండి.

వైడ్ లెన్సుల్లో అంచు చీకటి గురించి కూడా వింటారు. మధ్య నుంచి 89 మి.మీ. దూరమంటే 90 లెన్స్‌కు దాదాపు 45 డిగ్రీలు. మామూలు లెక్క ప్రకారం అక్కడ వెలుతురు మధ్యలో ఉన్నదాంట్లో నాలుగో వంతు, అంటే రెండు స్టాపులు తక్కువ (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది). సూపర్ ఆంగ్యులాన్ నిర్మాణం దీన్ని కొంత తగ్గిస్తుంది. మధ్యను నల్లబరిచే సెంటర్ ఫిల్టర్ అనేది ఉంది, ఖరీదైనది. బ్లాక్ అండ్ వైట్‌లో నాకు దాని అవసరం కనిపించలేదు. రైజ్ చేసినప్పుడు నల్లబడేది ఆకాశమే, గోపురం పైన ఆకాశం కాస్త ముదిరితే నాకు ఇష్టం కూడా. స్లైడ్ ఫిల్మ్ వాడితే మాత్రం ఆలోచించండి.

150 విషయం. సిమ్మార్-ఎస్ 150 సర్కిల్ 210 మి.మీ., సూపర్ ఆంగ్యులాన్‌కు దాదాపు సమానం. మరి గోపురానికి ఎందుకు చాలలేదు? అదే 25 మీటర్ల దూరంలో శిఖరం 111 మి.మీ. దగ్గర పడుతుంది, వ్యాసార్థం 105. శిఖరమే సర్కిల్ బయట ఉంది. గోపురానికి 40 మీటర్ల దూరం దాకా వెనక్కి వెళ్ళగలిగితే శిఖరం 69 దగ్గరికి వస్తుంది, 150తోనే హాయిగా తీయొచ్చు. గోపురం వెనక గుడి భాగాలు, కొండ కూడా పెద్దగా వస్తాయి, ఆ ఫోటో బహుశా ఇంకా బాగుంటుంది. జనం లేని వేళ వెళ్ళి, ఎంత వెనక్కి జరగగలరో ఒకసారి అడుగులతో కొలిచి చూడండి. 90 కొనేముందు ఈ పని చేస్తే మంచిది.

గండికోటకు వస్తే, కవరేజ్ లెక్క చాలావరకు మర్చిపోవచ్చు. పెన్నా లోయ అంచున నిలబడి నది వైపు చూస్తే లెన్స్‌ను పైకి లేపరు, కిందికి దించుతారు. అదీ అక్కర్లేదు. ఆ ఎర్రబండల్లో నిటారు గీతలు లేవు, కెమెరానే ముందుకు వంచేస్తే ఎవరికీ తేడా తెలియదు. కాలి దగ్గరి బండ నుంచి అవతలి గట్టు దాకా స్పష్టంగా రావాలంటే లెన్స్‌ను కొంచెం వంచుతారు. 150ని 5 డిగ్రీలు వంచితే సర్కిల్ మధ్యబిందువు 13 మి.మీ. జరుగుతుంది. ఫిల్మ్ అడ్డంగా ఉంటే దూరపు మూల 85 దగ్గర ఉంటుంది, వ్యాసార్థం 105. ఇబ్బంది లేదు. అక్కడే కోటలోని మాధవరాయ గుడి గోపురానికి వెళ్ళారంటే మాత్రం మళ్ళీ ఒంటిమిట్ట లెక్కే.

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుని గుడి గోపురాలు పై అంతస్తులు లేకుండా ఆగిపోయినవి. చూడాల్సిందంతా అడుగు భాగంలోని రాతి చెక్కడాల్లో ఉంది. దగ్గరికి వెళ్ళేకొద్దీ బెల్లోస్ సాగుతుంది, బెల్లోస్ సాగేకొద్దీ సర్కిల్ పెరుగుతుంది. 30 సెంటీమీటర్ల బొమ్మను ఫిల్మ్ మీద 10 సెంటీమీటర్లుగా తీస్తే 150 లెన్స్‌కు బెల్లోస్ 200 మి.మీ. అవుతుంది, సర్కిల్ 280. ఎంత జరిపినా అంచు తగలదు. బెల్లోస్ సాగినందుకు ముక్కాలు స్టాపు పైన ఎక్స్‌పోజర్ పెంచడం మర్చిపోకండి, అంతే. ఈ మూడు చోట్లా ట్రైపాడ్ పెట్టేముందు పురావస్తు శాఖ వారి అనుమతి అడిగి వెళ్ళండి. కెమెరా సైజు చూస్తేనే కాపలా వాళ్ళు ఆపుతారు.

చివరగా నాన్నగారి లెన్స్. ఇది చెప్పాలని మొదటి నుంచీ ఆగాను. పనికొస్తుందమ్మా, చాలా బాగా. క్సెనార్ నాలుగు గాజుల టెస్సార్ తరహా లెన్స్. అలాంటివి సుమారు 60 డిగ్రీలు చూస్తాయి. 210 లెన్స్‌కు 60 డిగ్రీలంటే సర్కిల్ దాదాపు 240 మి.మీ. హాఫ్ ప్లేట్ కర్ణం 204, అందుకే ఆయన కెమెరాకు అది సరిగ్గా కుదిరింది. మీ 153కి అది ధారాళం. మీ మూడు లెన్సుల్లో అన్నిటికంటే పెద్ద సర్కిల్ దానిదే అవుతుంది. మనుషుల ఫోటోలకు దాన్ని వాడండి. మీటరున్నర దూరంలో కూర్చున్న మనిషికి బెల్లోస్ 245 మి.మీ. సాగాలి, మీ కెమెరా అంత సాగుతుందో చూసుకోండి.

షట్టర్ లేకపోవడం లోపం కాదు. నాన్నగారు మూత తీసి, లెక్కపెట్టి, మూత పెట్టేవారు. మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు. బయట ఎండలో ఎఫ్ 32 దగ్గర ఎఫ్‌పీ4కు సెకనులో 30వ వంతు కావాలి, అంత వేగంగా చెయ్యి మూత తీయలేదు. వెలుతురును ఆరు స్టాపులు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెడితే అది 2 సెకన్లవుతుంది. ఫిల్మ్ స్పందన ఆ వ్యవధిలో కొంచెం మందగిస్తుంది కాబట్టి రెండున్నర లెక్కపెట్టండి. నీడలో, వరండాలో అయితే ఇంకా తేలిక.

దానికి కొత్త బోర్డు చేయించాలి. సిమ్మార్-ఎస్ 150 కోపాల్ 0 షట్టర్‌లో ఉంటే బోర్డు రంధ్రం 34.6 మి.మీ. సూపర్ ఆంగ్యులాన్ 90 ఎఫ్ 8 కూడా ఎక్కువగా 0 సైజు షట్టర్‌లోనే వస్తుంది కాబట్టి ఆ రెండింటికీ ఒకే కొలత. క్సెనార్‌కు మాత్రం దాని ఫ్లాంజ్ (లెన్స్‌ను బోర్డుకు బిగించే రింగు) కొలిచి వడ్రంగికి ఇవ్వండి, మందం మీ పాత బోర్డుకు సమానంగా ఉండాలి, లోపలి వైపు మ్యాట్ నలుపు పూయించాలి. ఫ్లాంజ్ కనిపించకపోతే ముందు బీరువాలో వెతకండి. స్టూడియో వాళ్ళు దాన్ని స్క్రూలతో సహా చిన్న డబ్బాలో పెట్టి లెన్స్ పక్కనే దాచేవారు.